పసుపు కొరికే దవడ

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో కమీషన్ మీద సరుకు కొని అమ్మే దేవిదాస్ సేటు అడ్తి దుకాణం ముందు ఒక ఖాళీ గోనెసంచి పరిచి ఉండేది. దాని మీద కూర్చునే హక్కు నీలవ్వ ఒక్కతెదే. ఒకసారి తెలియక ఒక కుక్క వచ్చి దాని మీద పడుకుంది. నీలవ్వ తిట్టిన తిట్లకు కుక్క కదల్లేదు గానీ, పక్కన బస్తాలు మోస్తున్న హమాలీలు నలుగురు లేచి దూరం జరిగారు.

ఆమె పని కొరకడం. రైతు బస్తా మూతి విప్పగానే మోచేయి దాకా చెయ్యి లోపలికి దూర్చి, నడిమధ్యన ఉన్న లావుపాటి కొమ్ము ఒకటి లాగుతుంది. పైన ఉన్నవాటిని ముట్టదు. బాగా ఎండినవి పైన పేర్చి తేవడం రైతులకు పుట్టుకతో వచ్చిన విద్య అని ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆమె కూడా రైతే. కొమ్మును కుడి దవడకు పెట్టి ఒక్క కొరుకు కొరుకుతుంది. 'టక్'మంటే ఎండినట్టు. 'కసుక్'మంటే పచ్చి. ఈ రెండింటికీ నడుమ ఇంకా ఎన్నో చప్పుళ్ళు ఉన్నాయి, అవి ఆమెకే వినిపించేవి. "ఇంక రెండెండలు" అంటే రైతు సరుకు వెనక్కి తీసుకుపోయి రెండు రోజులు ఆరబోయాల్సిందే. "తూకం ఎయ్యి" అంటే సేటు మారుమాట్లాడేవాడు కాదు. అటు కొనేవాడూ ఇటు అమ్మేవాడూ ఒప్పుకునే మాట ఆ మార్కెట్‌లో అదొక్కటే. ఆమె ఇద్దరినీ సమానంగా తిట్టేది కాబట్టి ఇద్దరికీ నమ్మకం.

ఇంత పేరున్న ఆ పళ్ళు ఆమెవి కావు.

చిగుళ్ళకు చీము పట్టి, పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో పైవీ కిందివీ అన్నీ పీకించుకుంది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్ళు. అమ్మగారింటికి దొంకేశ్వర్ పోతున్నానని చెప్పి, నిజామాబాద్‌లో కట్టుడు పళ్ళు చేయించుకుని, నెల తర్వాత పదేళ్ళు చిన్నదై తిరిగి వచ్చింది. "అమ్మ చేతి పాలు తాగొచ్చిన" అని వాడకట్టంతా చెప్పుకుంది. నిజం తెలిసిన మనిషి ఒక్కడే, ఆమె మొగుడు కాశీరాం. ఆయన నోరు విప్పేవాడు కాదు, విప్పడానికి ఆమె ఎప్పుడూ సందు ఇచ్చింది లేదు.

పై పలక అంగిలికి అతుక్కుని బుద్ధిగా ఉండేది. కింది పలకే దొంగది. ఏడాదికేడాది వదులైంది. దూది కుక్కింది, తడి గోధుమపిండి అద్దింది, ఒకసారి చింతపండు గుజ్జు కూడా పెట్టి చూసి రోజంతా మూతి వంకర పెట్టుకుని తిరిగింది. 1993 ఫిబ్రవరిలో అది నలుగురిలో పరువు తీసింది.

ఆ రోజు నందిపేట్ రాజమల్లు పది బస్తాలు తెచ్చాడు. నీలవ్వ కొమ్ము తీసి కొరికింది. చప్పుడు రాలేదు. కొమ్మును బయటికి లాగితే దానితో పాటు కింది పలక కూడా వచ్చేసింది. ఆమె చేతిలో కొమ్ము, కొమ్మును పట్టుకుని పద్నాలుగు పళ్ళు. రాజమల్లు ఒకసారి కొమ్ము వంక, ఒకసారి ఆమె నోటి వంక చూశాడు.

ఇంకొకతె అయితే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంటికి పరుగెత్తేది. నీలవ్వ ఆ కొమ్మును తీసుకెళ్ళి రాజమల్లు ముక్కు కింద పెట్టింది. మాటతో పాటు సగం గాలే వచ్చింది గానీ, అధికారం మాత్రం తగ్గలేదు.

"సూసినవా రాజమల్లూ! నీ పసుపు గింత పచ్చిగున్నది, పండ్లనే గుంజుకున్నది. ముసల్దాని నోట్లకెల్లి పండ్లు పీకిపిస్తవారా? మనిషివేనా?"

"అయ్యో అవ్వా, నాకేమెరుక? పన్నెండు దినాలు ఎండవెట్టిన..."

"ఎండల వెట్టినవా, నీడల వెట్టినవా? తీస్కపో. నాలుగెండలు పడాలె దీనికి."

రాజమల్లు రెండు చేతులూ జోడించి, పది బస్తాలూ మళ్ళీ బండికెత్తుకుని పోయాడు. పసుపు కొమ్ము మనిషి పళ్ళు పీకడం తాను ఎన్నడూ వినలేదే అన్న సంగతి నందిపేట్ దారిలో సగం దూరం పోయాక గానీ అతనికి తట్టలేదు.

కానీ దుకాణం లోపల నుంచి సేటు గుమాస్తా బాబురావు అంతా చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, వక్కలు పళ్ళతోనే పగలగొట్టేవాడు. సాయంత్రానికి మార్కెట్‌లో ఎద్దులకు తప్ప అందరికీ తెలిసిపోయింది. మర్నాడు నీలవ్వ రాగానే పలకరించాడు.

"నీలవ్వా, ఇయ్యాల పండ్లు నోట్ల ఏసుకొచ్చినవా, సంచిల ఏసుకొచ్చినవా?"

"నీ పండ్లు జర భద్రం కొడుకా. మస్తు మాట్లాడితే అవి గూడ సంచిల వడ్తయి."

సేటు మాత్రం నవ్వలేదు. మెల్లగా అన్నాడు. "నీలవ్వా, ఊగే పండ్ల మాట రైతులు ఇంటరా? గీ సీజన్ ఎట్లనో ఎల్లదియ్యి. మల్ల సీజన్ వచ్చేటాల్లకు ఏదన్న ఇలాజు, మందో మాకో జేస్కో. లేకుంటే గా సంచి మీద బాబురావు కూసుంటడు."

ఆ మాట నీలవ్వకు దిగిన చోట మందు లేదు. పొలం కొడుకుల పేర పోయింది, వంటిల్లు కోడళ్ళ చేతికి పోయింది. ఆమెకంటూ మిగిలింది ఆ సంచెడు జాగానే.

పాత పళ్ళు కట్టినాయన ఆమె నోరు చూసి, "దవడే లేదవ్వా, దేని మీద నిలవెట్టాలె?" అని చేతులెత్తేశాడు. నిజామాబాద్‌లో కొత్తగా ఎస్తేరమ్మ అనే పళ్ళ డాక్టరు వచ్చిందంటే, మొగుణ్ణి పది అడుగులు ముందు నడిపించుకుంటూ అక్కడికి పోయింది. వాళ్ళ నడక ఎప్పుడూ అంతే. పెళ్ళయి నలభై ఏళ్ళయినా నలుగురిలో పక్కపక్కన నడిచింది లేదు, ఒక మంచం మీద కూర్చుంది లేదు. ఆమె ఆయన పేరు పలికింది అంతకన్నా లేదు.

ఎస్తేరమ్మది మాక్లూర్, వ్యవసాయం చేసే ఇల్లే. ఎక్స్‌రే తీసి వెలుగుకు పట్టి చూపించింది.

"గిది నీ కింది దవడ అవ్వా. పండ్లున్న దవడ గింత ఎత్తుంటది. పండ్లు పోతే బొక్కకు, గదే ఎముకకు, పని ఉండదు. పని లేని బొక్క ఏటేటా అరుగుతది. పైకెల్లి పదిహేనేండ్లు ప్లాస్టిక్ పలక ఏసుకుని పసుపు కొరికినవ్. పెన్సిలంత మిగిలింది."

"మరి ఇలాజు?"

"దవడల చిన్న మరలు బిగిస్తరు, టైటానియంవి. వాటి మీద పండ్లు కూసుంటయి. ఇగ ఊగవు. కానీ నీకు మర దిగేటంత బొక్క లేదు. గిట్లనే బిగిస్తే దవడ ఇరుగుతది."

"బొక్క యాడ దొరుకుతది? అంగట్ల అమ్ముతరా?"

"నీ కాడనే ఉన్నది. నడుం పక్కపొంటి బొక్క జర తీసి దవడకు అతుకుతరు."

నీలవ్వ కుర్చీలోంచి లేచింది. "కూసునే కాడి బొక్క దెచ్చి తినే కాడ పెడ్తరా!"

"కూసునేది కాదవ్వా. బిందె పెట్టుకుంటవ్ చూడు, గా బొక్క."

నీలవ్వ చెయ్యి తనకు తెలియకుండానే నడుము మీదికి పోయింది. "గా బొక్క మీద నలుగురు పిల్లల మోసిన. ఇగ పండ్లు గూడ మోయాల్నా?" అంది. తర్వాత మళ్ళీ కుర్చీలో కూర్చుంది. అంటే ఒప్పుకున్నట్టు.

తలుపు దగ్గర నిలబడ్డ కాశీరాం గొంతు సవరించుకున్నాడు. "డాక్టరమ్మా, బొక్క జర తక్కువనే పెట్టుండ్రి. దవడ గట్టివడ్తే ముందుగాల నన్నే నములుతది."

ఎస్తేరమ్మకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఇలాంటి దవడ విద్యార్థులకు చూపించడానికి దొరకదని ఆయన సంతోషంగా, పైసా లేకుండా చేస్తానని ఒప్పుకున్నాడు. జూన్‌లో, ఊళ్ళో అందరూ పసుపు విత్తనం పెట్టే రోజుల్లో, నీలవ్వ నడుము కోసి దవడకు ఎముక అతికించారు. మంచం చుట్టూ పదిమంది పిల్ల డాక్టర్లు నిలబడి నోరు తెరవమంటే, "ముందుగాల మీరు తెరువుండ్రి" అని వరుసగా అందరి నోళ్ళూ చూసింది. ఇద్దరికి పళ్ళు పుచ్చాయని తేల్చింది. పెద్ద డాక్టరు చూస్తే అది నిజమే.

ఇంటికొచ్చాక నెల రోజులు కుంటింది. బిందె ఎత్తొద్దన్నారు. కాశీరాం పంపు దగ్గర ఆడవాళ్ళ వరుసలో బిందె పట్టుకుని నిలబడితే, ఆ వరుస రోజూ కొంచెం పొడుగయ్యేది, ఆయన్ని చూడ్డానికి.

అతికిన ఎముక గట్టిపడ్డాక, 1994 జనవరిలో నాలుగు మరలు బిగించారు. ఇక పళ్ళే అనుకుంటే ఎస్తేరమ్మ ఇంకో ఆరు నెలలు ఆగమంది.

"ఆరు నెలలా? రేపు నెల సీజన్ షురువైతది బిడ్డా!"

"ఎముక మరను పట్టుకోవాలె. గప్పటిదాంక జావ, మెత్తటి బువ్వ. పసుపు కొమ్ము కొరికినవనుకో, మర ఊడ్తది. మల్ల అతుకుటానికి నీ నడుంల గూడ ఏం మిగల్లే."

"జర ఒక్కటి కొరికి సూస్తే...?"

"నువ్వు పసుపు పెట్టి, వారానికే తవ్వి సూస్తవా?"

నీలవ్వ కొంగు దులుపుకుని లేచింది. కాశీరాం ఆ డాక్టరమ్మ వంక దేవతను చూసినట్టు చూశాడు.

ఫిబ్రవరి వచ్చింది. మొదటి బండ్లు మార్కెట్‌లోకి దిగిన రోజు, సంచి మీద బాబురావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రైతు చేతికిచ్చిన కొమ్ము కొరకడం, 'టక్'మనగానే తల ఊపడం. బస్తాలో చెయ్యి దూర్చడం లేదు, చొక్కా మాసిపోతుందని. నీలవ్వను చూసి నవ్వాడు.

"అవ్వా, పండ్లు లేనోళ్ళకు ఈడ ఏం పని?"

"ఎవరన్నరు లేవని? తెచ్చిన." అని వెనక్కి తిరిగి, బస్తాల చాటున నిలబడ్డ మొగుణ్ణి చెయ్యి పట్టి ముందుకు లాగింది.

కాశీరాంకు అరవై ఎనిమిదేళ్ళు, ముప్పై రెండు పళ్ళు. జొన్నరొట్టె నమలడానికీ బీడీ పట్టుకోవడానికీ తప్ప వాటిని ఆయన ఎన్నడూ కష్టపెట్టలేదు. బాబురావు అప్పుడే సరేనన్న బస్తాలో నీలవ్వ మోచేయి దాకా చెయ్యి దూర్చి, కొమ్ము లాగి, ఆయన చేతికిచ్చింది. ఆయన కొరికాడు. చుట్టూ హమాలీల కేకలు, ఎడ్ల గంటలు, తూకం వాళ్ళ లెక్కల పాట. నీలవ్వకు ఏమీ వినిపించలేదు. ఇంకోటి ఇచ్చింది. చెవి దగ్గరగా పెట్టి విన్నది. లాభం లేదు.

"ఏమాయె అవ్వా? తాత పండ్లు మూగయా?" బాబురావు నవ్వితే నలుగురు రైతులూ నవ్వారు.

అప్పుడు ఆమెకు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు గాలిలోంచి రాలేదు. లోపల్నుంచి, దవడ ఎముక మీదుగా చెవికి చేరేది. ఆ దారి ఇప్పుడు మొగుడి ముఖంలో ఉంది.

అటూ ఇటూ చూసింది. తల మీదికి కొంగు లాక్కుంది. లాక్కుని, ఆర్మూర్ మార్కెట్ నడిబొడ్డున, పట్టపగలు, తన చెవిని కాశీరాం చెంపకు గట్టిగా ఆనించింది.

తూకం పాట ఆగిపోయింది. బస్తా ఎత్తిన హమాలీ దాన్ని దించడం మరిచిపోయాడు.

"ఏందే గిది!" కాశీరాం పెదవి కదపకుండా గొణిగాడు. "నలుగురు సూస్తుండ్రు!"

"సూడనీ. మాట్లాడకు, చెవి గింగుమంటది. కొరుకు."

ఆయన కళ్ళు మూసుకుని కొరికాడు.

"కసుక్కుమన్నది. మూడెండలు," అంది నీలవ్వ.

"ఎండింది," అన్నాడు బాబురావు.

సేటు దిగి వచ్చి కత్తి అడిగి, కొమ్మును నిలువునా చీల్చాడు. నడుమ తడి, ముదురు నారింజ రంగులో మెరిసింది. సేటు బాబురావు వంక చూశాడు. బాబురావు సంచి మీది నుంచి లేచి లోపలికి పోయి, కలం వెతుక్కున్నాడు.

ఆ సీజనంతా ఒక్కరు పట్టే సంచి మీద ఇద్దరు కూర్చున్నారు. వెనక వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి మరీ వచ్చి చూసి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకుని పోయేవారు. మార్చి వచ్చేసరికి కాశీరాం నాలుక పసుపు, మీసం పసుపు, తాగే బీడీ కూడా పసుపు. పైగా రోజూ గడ్డం గీయించుకోవాల్సి వచ్చింది.

"నిన్న గీయించిన కదనే!"

"గుచ్చుకుంటున్నది. చప్పుడు సక్కగ ఇనస్తలేదు."

జులైలో నీలవ్వ మరల మీద పళ్ళు బిగించారు. వేలు పెట్టి ఊపింది, కదల్లేదు. రెండు చేతులా లాగబోతే ఎస్తేరమ్మ చేతి మీద కొట్టింది. తర్వాత ఇద్దరూ వంకాయల బేరంలాగా కూర్చున్నారు.

"రోజుకు అయిదు కొమ్ములు, గంతే," అంది ఎస్తేరమ్మ.

"నలభై."

"అవ్వా, గిది దవడ, రోకలి కాదు. పది."

"ఇరవై. నడుం కోపిచ్చుకున్నదాన్ని, జర రహం సూపియ్యి."

పదిహేను దగ్గర తెగింది, అవి కూడా కుడి ఎడమలు మార్చి మార్చి.

1995 ఫిబ్రవరిలో ఆమె ఒక్కతే సంచి మీద కూర్చునేసరికి చుట్టూ జనం మూగారు. మొదటి కొమ్ము కొరికింది. 'ఠంగ్'! తలలో ఎవరో సుత్తితో కొట్టినట్టు మోగింది. నీలవ్వ ముఖం వెలిగిపోయింది. "తూకం ఎయ్యి!" రెండోది, 'ఠంగ్'. మూడోది, నాలుగోది. అయిదోది మాక్లూర్ చిన్నవ్వ తెచ్చిన సరుకు. అదీ 'ఠంగ్'మంది. రైతులు చేతులు పిసుక్కుంటూ మురిసిపోయారు. బాబురావు చకచకా రాసుకుంటున్నాడు.

నీలవ్వ మాత్రం ఆగిపోయింది. వరుసగా అయిదుగురు రైతులు పూర్తిగా ఎండబెట్టి తేవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక జరగలేదు. లోకం ఒక్క ఏడాదిలో అంత మంచిదయ్యే అవకాశం లేదు. మరి మారింది ఏమిటి?

నాలుకతో కింది పళ్ళను తడిమింది. పాత పలక కింద మెత్తటి చిగుళ్ళు ఉండేవి. చప్పుడు బొంతలో చుట్టినట్టు వచ్చేది. ఆ బొంత చప్పుడుకే ఆమె చెవి పదిహేనేళ్ళు అలవాటు పడింది. ఇప్పుడు చప్పుడు మర మీద నుంచి సూటిగా ఎముకలోకి, ఎముక నుంచి చెవిలోకి వచ్చి పడుతోంది. పచ్చి కొమ్ము కూడా ఎండినదానిలా మోగుతోంది.

నోరు మూసుకుంటే ఇవాళ ఎవరికీ తెలియదు. వానాకాలంలో గోదాములో బూజు వాసన వచ్చినప్పుడు గానీ తెలియదు. అప్పటికి ఏ బస్తా ఎవరిదో ఎవరు చెప్పగలరు? కానీ ఈ రోజు తప్పు ఒప్పుకుంటే, సంచి పక్కనే బాబురావు ఉన్నాడు, ముప్పై రెండు పళ్ళతో.

నీలవ్వ లేచి నిలబడింది. "ఆగుండ్రి. కాంటా మీదికెల్లి దించుండ్రి. నేను తప్పు జెప్పిన."

మార్కెట్‌లో ఆ మాట ఎవరూ ఇదివరకు విని ఉండలేదు. గుంపు వెనక నుంచి కాశీరాం గొంతు వినిపించింది. "నలభై ఏండ్లల నాతోని ఒక్కసారి గూడ అనలే గా మాట."

"నీతోని తప్పు జెప్తే కద అనుటానికి," అని అటు తిరక్కుండానే జవాబిచ్చి, కత్తి తెప్పించింది. అయిదుగురి కొమ్ములూ చీల్చారు. రెండు ఎండినవి, మూడు తడి. రైతులు గొణిగారు. ఒకాయన గట్టిగానే అన్నాడు, "కొత్త పండ్లు బాగనే ఉన్నయి గని, నీలవ్వే పాతగైంది."

సేటు తల గోక్కున్నాడు. "గిప్పుడెట్ల నీలవ్వా?"

"మూడు దినాలియ్యి. చెవికి మల్ల బడి పెడ్త. నాలుగో దినం గూడ తప్పితే నేనే లేచిపోత. నువ్వు చెప్పే పని లేదు."

మూడు రోజులూ ఇంటి ముందు కళ్ళంలో కూర్చుంది. నిన్న ఉడికించినవి, వారం ఎండినవి, పదిహేను రోజులవి, అన్నీ వేరువేరు కుప్పలు పోసింది. ఒకటి కొరకడం, కళ్ళు మూసుకుని వినడం, ఎన్ని ఎండలో పైకి చెప్పడం, తర్వాత చీల్చి చూడడం. మొదటి రోజు పదిహేనింటిలో పదకొండు తప్పాయి. ఆ రాత్రి అన్నం తినలేదు, కొత్త పళ్ళున్నా. రెండో రోజు ఆరు తప్పాయి. మూడో రోజు రెండు. పదహారో కొమ్ము చేతిలోకి తీసుకుని, చుట్టూ చూసి, మళ్ళీ కుప్పలో పడేసింది. నిజామాబాద్‌లో ఉన్న డాక్టరమ్మకు అక్కడి నుంచే కనిపిస్తుందేమోనని భయం.

నాలుగో రోజు పొద్దున సంచి మీద కూర్చుంది. మాక్లూర్ చిన్నవ్వ సరుకు వెనక్కి తీసుకుపోకుండా, ఆర్మూర్‌లో అక్క ఇంట్లో మిద్దె మీద మూడు రోజులు ఆరబోసుకుని తెచ్చింది. ఆమె వెనక రైతులు, రైతుల వెనక హమాలీలు.

నీలవ్వ బస్తాలో చెయ్యి దూర్చింది. లావు కొమ్ము ఒకటి ఎడమ దవడకు పెట్టి కొరికింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. చిన్నవ్వకు ఓపిక పోయి, "నిద్ర వట్టిందా అవ్వా?" అని అడిగింది.

"ఒక్కెండ తక్కువ," అంది నీలవ్వ.

బాబురావు కత్తి కోసం చెయ్యి చాచి, ఆమె ముఖం చూసి, ఆ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఎందుకో ఆ రోజు అతనికి నవ్వాలనిపించలేదు.

"ఆగినవేం?" అంది నీలవ్వ. "కొయ్యి. నాకు గూడ సూడాలని ఉన్నది."

అతను కోశాడు. అంతా ఎండిపోయి, సరిగ్గా నట్టనడుమ మాత్రం దారప్పోగంత సన్నగా తడి గీత ఉంది. ఆ ముక్కలు మొదట సేటు చేతికి, తర్వాత రైతుల చేతులకు పోయాయి. నాలుగు రోజుల కింద గొణిగినాయన వాటిని తిప్పి తిప్పి చూసి, తన బస్తా మూతి విప్పుకున్నాడు.

"ఒక్కెండే గద," చిన్నవ్వ కొంగు దోపుకుంది. "మల్ల యాడికి మోస్కపోను? ఈడనే ఆరవోసుకుంట."

"ఆరవొయ్యి. జర అటు పొయ్యి, నా సంచి మీద పడనియ్యకు," అని నీలవ్వ పక్కవాడి బస్తాలో చెయ్యి దూర్చింది.